మైకు ఆపినాక చెప్పే మాట

ఖాజా మొహిద్దీన్ తన అరవై మూడేళ్ళలో ఆడిన అబద్ధాలను లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు సరిపోతాయి. వాటిలో తొమ్మిది చిల్లరవి, రిపేరుకొచ్చిన ఫ్యాను రేపు ఇస్తానని చెప్పి ఎల్లుండి ఇచ్చిన రకం. పదోది అట్లాంటిది కాదు. అది ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇంట్లోనే పెరిగి, పండగలకూ పెళ్ళిళ్ళకూ అందరితోపాటు కూర్చుని భోంచేసి, ఆ ఆదివారం పొద్దున ఆయనతోపాటే కడపలో కర్నూలు బస్సెక్కింది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన పక్కన భార్య మాబూబీ, ఆమె ఒళ్ళో టిఫిన్ క్యారియరు. మైదుకూరు దాటేలోపు ఆమె రెండుసార్లు అడిగింది, అట్లుండావేమి, కడుపులో బాగలేదా అని. బాగానే ఉందన్నాడు. నిజానికి ఏమీ బాగాలేదు. సాయంత్రం కర్నూలు కాలేజీ మైదానంలో కూతురి ముందు, అల్లుడి ముందు, పదేళ్ళ మనవరాలి ముందు ఆ అబద్ధం బయటపడబోతోంది. ఆపే దారి ఒక్కటీ తోచడం లేదు.

అబద్ధం ఇది. రాగసుధ ఆర్కెస్ట్రాకు తాను మైకు సెట్టు చూసిన పదమూడేళ్ళూ, ప్రతి ప్రోగ్రాం చివరా బ్యాండు పెద్ద వాసుదేవ్ మైకులో అందరికన్నా ముందు తన పేరే చెప్పేవాడని. పాడినవాళ్ళ పేర్లు, వాయించినవాళ్ళ పేర్లు ఆ తర్వాతేనని. వేలమంది జనం ముందు, నాలుగు హారన్లలో, ఊరి పొలిమేర దాకా వినబడేటట్టు.

రాగసుధ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు ఆదోని నుంచి రాజంపేట దాకా ఆ పేరు వింటే జనం చాపలు చుట్టుకుని బయలుదేరేవాళ్ళు. శ్రీరామనవమి పందిళ్ళు, ఉరుసులు, తిరునాళ్ళు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ కాలనీల్లో వార్షికోత్సవాలు, అన్నింటికీ వాళ్ళే. వాసుదేవ్ అకార్డియన్ మెడకు తగిలించుకుని నిలబడితే, గోపన్న తబలా మీద చెయ్యి వేస్తే, మహేశ్వరి గొంతు సవరించుకుంటే, అప్పటిదాకా ఏడ్చిన పసిపిల్లలు కూడా నోరు మూసుకునేవాళ్ళని ఖాజా ఇప్పటికీ చెప్తాడు. పసిపిల్లల సంగతి అనుమానమే గానీ మిగతాది నిజం. ఆ బ్యాండుకు ఈ ఏడు యాభై నిండింది. వాసుదేవ్‌కు డెబ్భై ఆరు. ఇక చాలు, సొంత ఊళ్ళో ఒక్క ప్రోగ్రాం ఇచ్చి ఆపేస్తామని పేపర్లో వేయించారు.

పేపర్లో ఆ వార్త ముందు చూసింది కూతురు రిహానా. కర్నూల్లోనే రెవెన్యూ ఆఫీసులో పని చేస్తుంది. భర్త అయాజ్‌కు ఆ ఊళ్ళోనే నంద్యాల చెక్‌పోస్టు దగ్గర టైర్ల అంగడి. వార్త చూసిన పూటే ఐదు పాసులు సంపాదించి, తండ్రికి ఫోను చేసింది. ఆఫీసులో అందరికీ చెప్పేశానంది. మా అబ్బా పేరు మైకులో చెప్తారు, మా పాప అర్షియా ఫోన్లో రికార్డు చేస్తుంది, రేపు అందరికీ వినిపిస్తానని మాట ఇచ్చిందట. ఫోను పెట్టేశాక ఖాజా తన రిపేరు అంగట్లో సగం చుట్టిన ఫ్యాను వైండింగును అట్లాగే చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆ పది రోజుల్లో వాసుదేవ్ నంబరు సంపాదించి మూడుసార్లు కలిపాడు. మూడుసార్లూ మోగకముందే ఆపేశాడు. ఆపక ఏం చేస్తాడు? అన్నా, నేను ఖాజాను, ఇరవై ఆరేళ్ళ కింద చవితి సీజను నడుమ నిన్ను వదిలేసి పోయినవాణ్ణి, ఈ ఆదివారం నా పేరు కొంచెం మైకులో చెప్పన్నా అని అడగాలా? అడగడానికి కూడా ఒక ముఖం ఉండాలి గదా.

బస్సు చాగలమర్రి దాటింది. మాబూబీ క్యారియరు తెరిచి బొరుగుల ఉగ్గాని పెట్టింది, మిరపకాయ బజ్జీతో సహా. ఆ వాసనకు ఆయనకు బ్యాండు పాత వ్యాను గుర్తొచ్చింది. పన్నెండేళ్ళపాటు ఈమె కట్టిచ్చిన క్యారియరు వ్యానులో ఎక్కీ ఎక్కకముందే గోపన్న మూత తీసేవాడు. బ్యాండంతా ఈమె చేతి ఉగ్గాని తిన్నవాళ్ళే. ఈమె మాత్రం ఆ బ్యాండును ఒక్కసారీ చూడలేదు. దూరపు ఊళ్ళు, చంటిపిల్ల, ఇంట్లో అత్త. ఒకరోజు ముందు వరుసలో నీ పక్కన కూర్చుని చూపిస్తా అని పెళ్ళైన కొత్తలో ఖాజా మాట ఇచ్చాడు. ముందు వరుసలో కూర్చోవాలంటే మైకు ఎవరు చూస్తారన్నది అప్పుడు ఆయనకు తట్టలేదు.

ఖాజా పేరు మైకులో అసలు రాలేదనీ చెప్పలేం. ఒక్కసారి వచ్చింది. వెయ్యి తొమ్మిది వందల ఎనభై ఆరులో, ఆయన చేరిన తొలి నెలలో, బనగానపల్లెలో. ఆ పొద్దు మైకు ఎంత బాగా పలికిందంటే, చివర్లో వాసుదేవ్ ఉండబట్టలేక మైకు ముందుకొచ్చి, ఈ మైకు చూస్తున్న మన కడప కుర్రోడు ఖాజా మొహిద్దీన్ అని ఎత్తుకున్నాడు. మొహిద్దీన్ అన్న మాట పూర్తయ్యీ కాకముందే ఆంప్లిఫయరులోంచి పొగ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిన కంపుకు ముందు వరుస లేచిపోయింది. వాళ్ళు విసిరిన సోడా సీసాల గోలీలు మర్నాటి దాకా స్టేజీ మీద దొరికాయి.

ఆ పూటతో వాసుదేవ్ ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మైకు పేరు మైకులో ఎత్తకూడదు, దిష్టి కొడుతుంది. టెంటు వాళ్ళకు, లైట్ల వాళ్ళకు, పూలదండ తెచ్చిన పెద్దమనిషికి, ఆఖరికి సోడాలు అందించిన వాడికి కూడా కృతజ్ఞతలు చెప్పేవాడు, మైకు ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. అన్నీ ఆపేశాక, హారన్లు చల్లబడ్డాక, స్టేజీ అంచుకొచ్చి వట్టి గొంతుతో ఖాజా వైపు చూసి ఒక్క మాట అనేవాడు. "ఖాజా, బాగుండాదప్పా." ఖాజా విన్నానని కుడి చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి చూస్తేగాని వాసుదేవ్ మెట్లు దిగేవాడు కాదు. ఆ మాట వినేది ఖాజా ఒక్కడే. చాపలు దులుపుకుంటున్న జనానికి అది పట్టదు.

మరి అంత మంచి నిజాన్ని నిజంగానే చెప్పుకోవచ్చు గదా అని మనకనిపిస్తుంది. కానీ పెళ్ళైన రెండో నెలలో ప్రొద్దుటూరు అత్తగారింట్లో, భోజనాల దగ్గర, మాబూబీ అన్న నవ్వుతూనే అన్నాడు, మా చెల్లెల్ని పెట్టెలు మోసేవాడికిచ్చినాం, బ్యాండు పేరు అందరికీ తెలుసు, ఈయన పేరెవరికి తెలుసు అని. వడ్డిస్తున్న మాబూబీ చెయ్యి ఆగింది. ఆ ఆగిన చేతిని చూసి ఖాజా నోటి నుంచి ఆ మాట వచ్చేసింది. మైకులో ముందు చెప్పేది నా పేరేనన్నాడు. మైకు ఆపాక చెప్తాడంటే ఆ పీట మీద ఎవరు లెక్కచేస్తారు?

ఒకసారి చెప్పిన అబద్ధం ఊరికే కూర్చోదు. ప్రోగ్రాం ముగించుకుని తెల్లవారి కడపకు వచ్చి, అల్మాస్‌పేటలో ఇంటి గడప ముందు నిలబడి, వాసుదేవ్ గొంతుతో అనేవాడు, "మైకు సెట్టు, కడప, ఖాజా మొహిద్దీన్" అని. లోపలి నుంచి మాబూబీ నవ్వు వినబడేది, తర్వాత గొళ్ళెం చప్పుడు. పన్నెండేళ్ళు ఆ తలుపు ఆ మాటకే తెరుచుకుంది. పిల్ల పుట్టాక పిల్ల కూడా నేర్చుకుంది. పక్కింటి వాళ్ళు కూడా తెల్లారిందని దాన్ని బట్టే లేచేవాళ్ళు.

మాబూబీ కోసం ప్రోగ్రాములను క్యాసెట్లలో రికార్డు చేసి తెచ్చేవాడు. ఆంప్లిఫయరు పక్కన టేపురికార్డరు పెట్టి, మొదటి పాట నుంచి పట్టి, వాసుదేవ్ కృతజ్ఞతల కాగితం తీయగానే టక్కున ఆపేవాడు. క్యాసెట్టు అయిపోయిందే, నీ దురదృష్టం, నా పేరు వచ్చేది అప్పుడే అనేవాడు ఇంటికొచ్చి. ఆమె పోనీలే అనేది. ఆ క్యాసెట్లు ఇరవై మూడు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

తొంభై తొమ్మిది చవితికి, నాలుగో రోజు ఆదోనిలో ఉండగా, మాబూబీకి టైఫాయిడ్ ముదిరిందని కబురొచ్చింది. ఇంకా ఐదు ఊళ్ళు ఒప్పుకుని ఉన్నారు. ఖాజా ఉన్నపళంగా సెట్టును వేరేవాడికి అప్పజెప్పి లారీ ఎక్కాడు. నడుమలో దిగిపోయేవాడు నాకొద్దని వాసుదేవ్ అందరి ముందూ అన్నాడు. కోపంలో అన్నమాట. ఆమె లేచి తిరగడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత మళ్ళీ పోవడానికి ఖాజాకు కాళ్ళు రాలేదు, పిలవడానికి వాసుదేవ్‌కు మనసు రాలేదు. ఒక మనిషిని మరిచిపోవడానికి ఇరవై ఆరేళ్ళు చాలా ఎక్కువ.

కర్నూల్లో రిహానా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అర్షియా తాత పక్కన చేరి, నానా, మీ పేరు చెప్పడానికి ఎన్ని నిమిషాల ముందు రికార్డు మొదలుపెట్టాలి అని అడిగింది. ఫోను ఛార్జింగు నూటికి నూరు ఉందని రెండుసార్లు చూపించింది. రిహానా కొత్త చీర కట్టుకుంది. అయాజ్ ఆదివారం బేరం వదులుకుని అంగడి మూసి వచ్చాడు. వీళ్ళందరినీ చూస్తూ ఖాజాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే చెప్పేయాలని నోరు తెరిచాడు కూడా. మాబూబీ ఆయన చొక్కా గుండీ సరిచేసి, పద, ఆలస్యమవుతాంది అంది.

మైదానం ఐదున్నరకే నిండింది. తలలన్నీ నెరిసినవే. కుర్చీల మధ్యలో చిన్న బల్ల మీద మైకులు నడిపే మిషను ఉంది, నిండా బొత్తాలూ గీతలూ. దాని ముందు నలభై ఏళ్ళ మనిషి. ఇప్పటి పద్ధతి ఇదేనని, మైకాయన జనంలోనే కూర్చుంటాడని ఖాజాకు తెలుసు, చూడటం మాత్రం మొదటిసారి. వీళ్ళ కుర్చీలు ఆ బల్లకు నాలుగడుగుల దూరంలోనే వచ్చాయి. ముందు వరుస కాదు. కానీ పక్కన మాబూబీ ఉంది.

తెర లేచింది. వాసుదేవ్ కుర్చీలో కూర్చునే అకార్డియన్ పట్టుకున్నాడు, నిలబడే ఓపిక లేదు. గోపన్న పోయాడు, తబలా దగ్గర ఆయన కొడుకున్నాడు. మహేశ్వరి వచ్చి నమస్కారం పెట్టగానే మైదానమంతా లేచి నిలబడింది. తొలి పాట ఎత్తుకోగానే ఖాజా ముందుకు వంగాడు. హారన్ల పక్కన గడిపిన బతుకు కదా, ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది సగం. అయినా ఇంత పెద్ద స్పీకర్లలో అంతా అందుతోంది. అందనిదేదన్నా ఉంటే ఛాతీకి తగులుతోంది.

ఆయనకు వింతగా తోచింది వినడం కాదు, చూడటం. పదమూడేళ్ళు ఈ బ్యాండును స్టేజీ పక్కన కూర్చుని వెనక నుంచే చూశాడు. ఆయనకు తెలిసిన మహేశ్వరి అంటే ఒక వీపు, ఒక జడ, తాళానికి లేచి పడే ఎడమ మడమ. పై స్వరానికి పోయేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుందని ఇవాళే తెలిసింది. ఆ మూసిన కళ్ళను చూస్తుంటే, ఇన్నేళ్ళూ చేతిలోనే ఉండి చూసుకోని వస్తువేదో ఆయనకు దొరికినట్టయింది. ఆ రోజులు మళ్ళీ రావాలని ఆయన కోరుకోలేదు. ఉన్నప్పుడు ఇంకొంచెం చూసుకుని ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది.

మాబూబీ ఇంకో వింత. ఎన్నడూ చూడని బ్యాండు ఆమెకు ఆసాంతం తెలుసు. "ఇప్పుడు తబలా ఒక్కటే వస్తాది చూడు" అంది. వచ్చింది. ఇక్కడ ఆయమ్మ ఊపిరి తీసుకుంటుందంది. తీసుకుంది. నాలుగో పాట తర్వాత వాసుదేవ్ చెప్పే ముసలి జోకు ముందే చెప్పేసి అయాజ్‌ను నవ్వించింది. ఇరవై మూడు క్యాసెట్లు ఆమె ఎన్నిసార్లు విన్నదో ఖాజాకు ఆ పూట అర్థమైంది. అర్థమైనకొద్దీ భయం ఎక్కువైంది. ఇంత విన్న మనిషి ఆ చివరి మాట కోసం ఎంత ఎదురుచూసి ఉంటుంది?

ఎనిమిదిన్నరకు ఆఖరి పాట అయిపోయింది. వాసుదేవ్ జేబులోంచి కాగితం తీశాడు. అర్షియా ఫోను ఎత్తి పట్టుకుంది. రిహానా తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఖాజా తలదించుకుని కాళ్ళ మధ్య మట్టిని చూస్తూ కూర్చున్నాడు.

కాలేజీ వాళ్ళు, పోలీసు వాళ్ళు, లైట్లు, టెంటు, మంచినీళ్ళు. గోపన్నతో సహా పోయిన ఏడుగురి పేర్లు వాసుదేవ్ ఒక్కొక్కటే చదివాడు. పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, యాభై ఏళ్ళు విన్నవాళ్ళు. తర్వాత చేతులు జోడించి సెలవన్నాడు. చప్పట్లు చాలాసేపు కొట్టారు. మైకు పేరు రాలేదు. ఖాజా పేరు రాలేదు.

జనం లేస్తున్నారు. అర్షియా ఫోను దించి తాత ముఖంలోకి చూసింది. "నానా, మీ పేరు రాలేదు" అంది, తప్పు తనదే అయినట్టు. రిహానాకు ముఖం ఎర్రబడింది. పదమూడేళ్ళు చాకిరీ చేస్తే పేరు కూడా గుర్తులేదా, నేనే పోయి అడుగుతానని స్టేజీ వైపు రెండడుగులు వేసింది. ఖాజా గబుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా. ఆయన మర్సిపోలా" అన్నాడు. "మైకులో నా పేరు ఎప్పుడూ చెప్పలా. ఒక్కసారి చెప్పినాడు, ఆ పొద్దే మిషను కాలిపోయె. మీకు చెప్పిందంతా అబద్ధం."

నలుగురూ అక్కడే నిలబడిపోయారు. వాసుదేవ్ ఒట్టు సంగతి, స్టేజీ అంచు మాట సంగతి, ప్రొద్దుటూరు భోజనాల సంగతి అన్నీ నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. అయాజ్ మర్యాదగా లైట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. అర్షియా ఫోనును సంచిలో పెట్టేసింది.

మాబూబీ ఆయన కుడి వైపుకు, వినబడే చెవి వైపుకు వచ్చి నిలబడింది. "నాకు తెల్సు" అంది.

ఖాజా తల తిప్పాడు.

"ఎర్రగుంట్ల క్యాసెట్టు" అంది ఆమె. "ఆ పొద్దు నువ్వు ఆపడం మరిసినావు. కడాకు రికార్డయ్యింది. సోడాల వాని పేరు గూడా చెప్పినాడు. నీ పేరు లేదు."

ఖాజాకు ఎర్రగుంట్ల గుర్తొచ్చింది. తొంభై ఒకటిలో, చివర్లో జనరేటరు మొరాయించిందని తాను పరిగెత్తిన పూట. టేపురికార్డరు సంగతే మరిచాడు. అంటే ముప్పై నాలుగేళ్ళు. ఆ తర్వాత కూడా ఎనిమిదేళ్ళు గడప ముందు నిలబడి తన పేరు తానే పిలుచుకున్నాడు. ఆమె నవ్వుతూ గొళ్ళెం తీసింది. మరి ఎందుకు అడగలేదని ఆయన అడగలేక అడిగాడు.

"అడిగితే మళ్ళా గడప కాడ ఆ మాట చెప్పవు గదా" అంది మాబూబీ. "నువ్వు ఇంటికొచ్చినావని నాకు తెలిసేది దాంతోనే. మైకులో ఎవరు చెప్పినా చెప్పకపోయినా నాకేమి?"

ఖాజాకు కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చేతిరుమాలు వెతుక్కుంటున్నాడు. ఇంతలో మైదానంలో స్పీకర్లు టప్‌మని ఆగిపోయాయి. మిషను దగ్గరున్న మనిషి కిందికి వంగి వైర్లు చుడుతున్నాడు. స్టేజీ మీద మహేశ్వరి చెయ్యి ఆసరాగా పట్టుకుని వాసుదేవ్ మెల్లగా అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. ఈ వైపు చూసి ఏదో అన్నాడు. ఖాజాకు ఆయన పెదవులు కదలడం కనబడింది, మాట అందలేదు.

మాబూబీ మాత్రం ఖాజా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తర్వాత మిషను మనిషి వైపు తిరిగి, నాయనా నీ పేరేమి అని అడిగింది.

"ఏసేపు, అమ్మా" అన్నాడతను వైరు చుడుతూనే.

"మరి ఆయన ఖాజా అంటాండాడే?"

ఏసేపు నవ్వాడు. అది సార్‌కు ఒక సెంటిమెంటు అన్నాడు. తాను చేరి పదకొండేళ్ళయింది, తనకు ముందున్న ఇద్దరినీ కూడా అట్లాగే పిలిచేవాడట. మైకులో మైకాయన పేరు చెప్పడు, అన్నీ ఆపేశాక ఈ మాట చెప్పందే మెట్లు దిగడు. "ఖాజా అంటే పాతకాలం మైకాయనంటమ్మా. బతికుండాడో లేడో. మాకు మాత్రం అందరికీ ఆ పేరే. సెయ్యెత్తాల, అప్పుడు దిగుతాడు" అంటూ లేవబోయాడు.

రిహానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాబూబీ భర్త కుడి చెవి దగ్గర నోరు పెట్టి, గడప అవతలి మనిషికి చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది. "నీ పేరే. నువ్వు వదిలిపెట్టిన కాడ్నుంచి ప్రతి ప్రోగ్రాముకూ నీ పేరే చెప్తాండాడు."

స్టేజీ మీద వాసుదేవ్‌కు ఇంకా ఏ చెయ్యీ కనబడలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి ఉన్న గొంతంతా పెట్టి.

"ఖాజా, బాగుండాదప్పా."

ఈసారి ఖాజాకు కూడా అందింది. సగమే అందింది, మిగతా సగం ఆయనకు ముందే వచ్చు. ఏసేపు అలవాటు కొద్దీ చెయ్యి సగం దాకా ఎత్తాడు. అంతలోనే పక్కన ఇంకో చెయ్యి లేచింది, ముసలిది, చేతిరుమాలుతో సహా, నిటారుగా. ఏసేపు ఆ చేతిని చూసి, ఆ మనిషిని చూసి, తన చెయ్యి మెల్లగా దించేశాడు.

వాసుదేవ్ మెట్ల వైపు తిరగబోయి ఆగాడు. లైట్లు కళ్ళలో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. మెట్లు దిగలేదు. మహేశ్వరిని పట్టుకుని అక్కడే స్టేజీ అంచు మీద కూర్చుండిపోయాడు, అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని. రమ్మని చెయ్యి ఊపాడు.

అర్షియా సంచిలోంచి ఫోను తీసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. అసలు మాట రికార్డు కాలేదని ఆ పిల్లకు ఏడుపొకటే తక్కువ. ఖాజా అప్పటికే కుర్చీలు తప్పించుకుంటూ స్టేజీ వైపు నడుస్తున్నాడు, చెయ్యి ఇంకా దించలేదు.

"పోనీలే" అంది మాబూబీ మనవరాలితో, క్యారియరు చేతిలోకి తీసుకుంటూ. "నేను విన్న్యా గదా."